నల్లమన్ను బండి మీద మేనత్త

నా చిన్నప్పుడు మా ఇంటి ఆడపడుచుకు ఏటేటా పుట్టింటి నుంచి వెళ్ళే సారె ఏమిటో తెలుసా? మన్ను. అక్షరాలా మన్నే. చీరా, గాజులూ, సకినాలూ కూడా వెళ్ళేవి గానీ, అవి ఒక ఏడు తప్పినా మా మేనత్త ఏమీ అనుకునేది కాదు. జల్లెడ పట్టిన ఎర్రమన్ను మాత్రం కందులు నూర్చే వేళకు ఆమె గడపలో దిగాల్సిందే. ఈ మాట ఇప్పటి పిల్లలతో అంటే ముసలిదానికి మతి తప్పిందనుకుంటారు. అందుకే కాస్త నిదానంగా, మొదటినుంచీ చెబుతాను.

మాది వికారాబాద్ దాటాక ధారూర్ వైపు, అనంతగిరి గుట్టల వాలులో ఉన్న చిన్న పల్లె. ఇప్పుడు ఆదివారం వస్తే హైదరాబాద్ కార్లు మా గుట్టల దారిలో బారులు తీరుతాయి. వచ్చినవాళ్ళు మంచు చూస్తారు, ఫోటోలు దిగుతారు, కాల్చిన మక్కకంకులు తిని సాయంత్రానికి వెళ్ళిపోతారు. మంచు అందంగానే ఉంటుంది, కాదనను. కానీ మా జిల్లా గుణం తెలియాలంటే తల పైకెత్తి చూస్తే లాభం లేదు, కిందికి వంగి మన్ను చూడాలి. గుట్టల వైపు మాది ఎర్రమన్ను, గులకరాళ్ళ నేల. ఎంత వాన పడినా నీళ్ళు నిలవవు. మా గుట్టల్లోనే పుట్టిన మూసీ కూడా పుట్టింట్లో నాలుగు రోజులు ఉందామనుకోకుండా పట్నం దారి పట్టింది కదా! జొన్న, ఆముదం, ఉలవ, తడి ఉన్నచోట పసుపు, అడవిలో దానంతట అదే కాసే సీతాఫలం, అంతే మా సంపద.

ధారూర్‌లో రైలెక్కి తాండూరు వైపు పోతుంటే నేల రంగు కళ్ళ ముందే మారిపోతుంది. ఎరుపు పోయి గోధుమ, గోధుమ పోయి నలుపు. నిజాంల కాలంలో వేసిన ఆ పట్టాల మీద ఎన్నిసార్లు వెళ్ళినా, ఎక్కడ ఎరుపు ఆగి ఎక్కడ నలుపు మొదలైందో నేను ఒక్కసారీ పట్టుకోలేకపోయాను. అక్కడ నల్లరేగడి, దాని కింద పొరలు పొరలుగా బండ. ఆ బండే వాళ్ళ ఇంటికి గోడ, కప్పు, అరుగు, పొలానికి గట్టు. ఇక ఆ రేగడిలో పండే కంది సంగతి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఎక్కడో పుట్టి పెరిగినవాళ్ళు కూడా అంగట్లో నిలబడి తాండూరు కందిపప్పేనా అని అడిగి మరీ కొంటారు. అలా ఎవరైనా అడగడం వింటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

అయితే కంది పండించడం ఒక ఎత్తు, దాన్ని పప్పు చేయడం ఇంకో ఎత్తు. కందిపొట్టు మొండిది, గింజను అంత తేలిగ్గా వదలదు. మిల్లుకు పోవడం అలవాటు కాని ఆ రోజుల్లో ఆడవాళ్ళు కందులు నానబెట్టి, నీళ్ళు వార్చి, ఎర్రమన్ను జారుగా కలిపి గింజ గింజకూ పట్టించేవారు. కుప్పపోసి, గోనె కప్పి ఉంచి, మర్నాడు బండల మీద పల్చగా పరిచి ఎండబెట్టేవారు. మన్ను ఎండే కొద్దీ పొట్టు వదులవుతుంది. అప్పుడు మన్ను జల్లించేసి ఇసుర్రాయిలో తిప్పితే పొట్టు పొట్టుగా, పప్పు పప్పుగా విడిపోయేది. ఆ పప్పుకు ఏడాదంతా పురుగు పట్టేది కాదు. పొయ్యి మీద పెడితే ఇట్టే మెత్తబడేది.

ఇక్కడే ఉంది తమాషా. మంచి కంది కావాలంటే నల్లమన్ను ఉండాలి, దాన్ని మంచి పప్పు చేయాలంటే ఎర్రమన్ను ఉండాలి. వాళ్ళకున్నది మాకు లేదు, మాకున్నది వాళ్ళకు లేదు. అందుకని మా వైపు పిల్లను రేగడి వైపు ఇస్తే, పిల్ల వెంట ఏటేటా మన్ను కూడా పోవాలని మా ఇంట్లో ఒక ఆచారం. తిరుగు రైలులో అదే సంచి నిండా పప్పు వచ్చేది. మన్ను పోసుకెళ్ళిన సంచిలో అన్నంలోకి పప్పు రావడం చిన్నప్పుడు నాకు పెద్ద గారడీలా ఉండేది.

మా మేనత్తను తాండూరుకు ఇవతల ఒక రేగడి పల్లెలో ఇచ్చారు. నానమ్మ తొందరగా పోవడంతో మా నాయనను చంకనేసుకుని పెంచింది ఆమే. అక్క పెళ్ళయి వెళ్ళిన రోజున నాయన బండి వెనక ఊరి పొలిమేర దాకా ఏడుస్తూ పరుగెత్తాడట. పెద్దయ్యాక మీసాలు వచ్చాయి గానీ అక్క మీద ఆ ప్రాణం పోలేదు. ఆమె వస్తే మా ఇంటికి పండగే. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పేలు చూస్తూ, కన్నడ సరిహద్దు నుంచి వచ్చిన వాళ్ళ అత్తగారి మాటలు అనుకరిస్తూ నవ్వించేది. ఆమె నవ్వితే పక్కింటివాళ్ళు కూడా గోడ మీంచి తొంగి చూసి నవ్వేవారు.

మేనత్త భర్త, మా మామ కూడా మంచివాడే. కాకపోతే నోరు కాస్త దురద. నాయనకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఈ రెండూ ఒక దసరా నాడు కలిశాయి.

ఆ ముందటి ఎండాకాలంలో నాయన పసుపు చేను పక్కన ఒక కుంట తవ్వాడు. ఊళ్ళో ఎవరూ తవ్వనిది తాను తవ్వానని మహా సంబరం. వానాకాలం అది నిండింది, ఊరంతా వచ్చి చూసింది. కానీ మా గులకనేల ఊరుకుంటుందా? అడుగునుంచి, గట్టునుంచి నీళ్ళు జారిపోయి దసరా నాటికి బురద మిగిలింది. పసుపు ఆకులు అంచుల్లో ఎండడం మొదలుపెట్టాయి. నాయన ఎర్రమన్నే తెచ్చి తెచ్చి గట్టుకు కొట్టేవాడు, అది కొట్టిన కొద్దీ కారేది. పండక్కి వచ్చిన మామ గట్టు మీద నిలబడి, నలుగురూ వింటుండగా సరదాకి అననే అన్నాడు.

"ఏం బామ్మర్దీ, కుంట తవ్వినవా, జల్లెడ తవ్వినవా? మా రేగడి రెండు బండ్లు పోస్తే చుక్క ఇంకదు. నోరు తెరిచి అడుగు మరి, ఇస్త."

"అడుక్కునే గతి నాకింక రాలే బావా," అన్నాడు నాయన. "పొట్టు తీసుకోనీకె ఏటేటా మా మన్ను కోసం ఎదురుచూసేటోళ్లు మీరు."

"ఓహో, గట్లనా! అయితే ఈ ఏడు నుంచి పంపకు. మా మన్నుతోనే తీసుకుంటం."

"మీ పప్పు కూడ మాకొద్దు."

మాట మాట పెరిగింది. ఇంట్లో విస్తళ్ళు వేసి ఉన్నాయి. మామ చెయ్యి కూడా కడుక్కోకుండా ఎడ్లు కట్టాడు. మేనత్త అటు మొగుణ్ణి, ఇటు తమ్ముణ్ణి చూసి బండెక్కింది. బండి కదిలాక ఆమె వెనక్కి తిరిగి చూసింది. నాయన అప్పటికే ఇంట్లోకి వెళ్ళిపోయాడు. బయట నేనూ, నాయననూ మేనత్తనూ కన్న మా తాతా మిగిలాం.

ఆ తర్వాత ఏం జరిగిందంటే, ఇద్దరు తెలివైన రైతులు పంతానికి పోతే ఏం జరుగుతుందో అదే జరిగింది. మా ఇంట్లో కందిపప్పు మాట ఎత్తడానికి లేదు. ఉలవచారు, ఉలవగుగ్గిళ్ళు, ఉలవపప్పు. ఉలవ బలమంటూ నాయన మొదటి ముద్ద తనే తినేవాడు. గుర్రానికి పెట్టేది మనుషులకు పెడితే బలం వస్తుందో లేదో గానీ నాకు మాత్రం తెగ విసుగు వచ్చింది. తాండూరు వైపు కథ ఇంకా వింత. మామ పంతం కొద్దీ, నానిన కందులకు వాళ్ళ నల్లరేగడే కలిపి పట్టించమన్నాడు. వాళ్ళ అమ్మ వద్దు వద్దని, 'బ్యాడ, బ్యాడ' అని కన్నడంలో మొత్తుకుంటే విన్లేదు. రేగడి ఎండితే ఏమవుతుందో రేగడి రైతుకు తెలియదా? తెలుసు. కానీ కోపం వచ్చినవాడికి తన పొలమే గుర్తుండదు. నల్లమన్ను గింజల్ని లోపల పట్టుకుని గడ్డలు కట్టింది. ఆ గడ్డలు రోకలితో పొడిస్తే గింజలూ చితికిపోయాయి. మిగిలిన పప్పు ఎన్ని నీళ్ళు పోసి కడిగినా బూడిద రంగు పోలేదు, మట్టి వాసనా పోలేదు. ఎండాకాలం దాకా మామ అదే పప్పు తింటూ బ్రహ్మాండంగా ఉందన్నాడట. ఎవరూ చూడనప్పుడు జొన్నరొట్టెలోకి మిరపకారం నంజుకునేవాడట.

అవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉన్నాయి. నవ్వలేనిది ఒకటుంది. ఆ దసరా తర్వాత మేనత్త పుట్టింటి గడప తొక్కలేదు. ఉగాదికి వస్తుందేమోనని అమ్మ ఆమె పడుకునే మంచానికి కొత్త నులక అల్లించింది. రాలేదు. నాయన పొద్దుగూకే వేళ ఎండిపోయిన కుంట గట్టు మీద కూర్చుని తాండూరు పోయే రైలు కూత వినేవాడు. అడుగుదామంటే మనసు రాదు, ఊరుకుందామంటే ప్రాణం ఒప్పదు. ఇలాగే ఇంకో ఏడాది గడిస్తే రాకపోకలు వాటంతటవే ఆగిపోతాయని పెద్దవాళ్ళందరికీ భయంగా ఉండేది. మా పక్క ఊళ్ళోనే అలా తెగిపోయి, చావుకు కూడా కబురు పంపుకోని అక్కాతమ్ముళ్ళు ఉన్నారు.

ఇంత జరుగుతున్నా తాత నోరు విప్పలేదు. మా తాత మాటకారి కాదు. ఎర్రమన్ను నేలతో జీవితమంతా వేగినవాడు, తొందరపడితే నాగలి విరుగుతుందని తెలిసినవాడు. ఎండలు ముదిరాక ఒక పొద్దున ఖాళీ గోనెసంచి మడిచి చంకలో పెట్టుకుని, "నడువు బిడ్డా, మీ అత్తను చూసొద్దాం," అన్నాడు. నేను ఎగిరి గంతేశాను. అమ్మ మాత్రం గుమ్మంలో అడ్డం వచ్చింది.

"మామా, బిడ్డ ఇంటికి ఉత్త చేతులతోని పోతరా? జర ఆగుండ్రి, మన్ను జల్లించి పెట్టిస్త. గాయన చూడకుంటనే కట్టిస్త."

"మన్ను వద్దమ్మా. ఏమొద్దు," అన్నాడు తాత. "ఈసారి నా చేతులు ఖాళీగనే ఉండాలె."

 మా వైపు ఎంత లేనివాళ్ళయినా కూతురింటికి ఖాళీ చేతులతో వెళ్ళరు. పొలంలో ఏమీ లేకపోతే అడవిలో దొరికిన పండైనా పట్టుకెళ్తారు. అదీ దొరక్కపోతే ప్రయాణమే మానుకుంటారు.

రైలు దిగి చాలాదూరం నడిచాం. ఎండకు రేగడి నెర్రెలు విచ్చి ఉంది. జారితే నా కాలు లోపలికి పోతుందని తాత నన్ను గట్టు బండల మీదే నడిపించాడు. మేనత్త ఇంటి ముందు వాళ్ళ అత్తగారు మమ్మల్ని చూసి "బారవ్వా, బారవ్వా" అని, రా తల్లీ అన్నట్టు నన్ను దగ్గరికి తీసుకుంది. మేనత్త వంటింట్లోంచి పరుగెత్తుకు వచ్చింది. వచ్చి, తాత చేతుల వైపు చూసింది. చంకలో మడిచి ఉన్న సంచి వైపు చూసింది. ఖాళీ సంచి. ఆమె ముఖంలో నవ్వు సగంలో ఆగిపోవడం నాకు బాగా గుర్తు. పుట్టింటివాళ్ళు తనను వదులుకున్నారని, ఆ మాట చెప్పడానికే తండ్రి వచ్చాడని అనుకుందట. చాలా ఏళ్ళ తర్వాత తనే చెప్పింది. అప్పుడు మాత్రం మా కాళ్ళకు నీళ్ళిచ్చి లోపలికి వెళ్ళింది.

మామ పొలంనుంచి వచ్చి, వంగి తాతకు దండం పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు.  అన్నాలు వడ్డించారు. పళ్ళెంలో అన్నం తెల్లగా, దాని మీద పప్పు బూడిద రంగులో. నేను ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించబోయాను. తాత కనుబొమల కిందినుంచి ఒక చూపు చూశాడు. నా ముద్ద దానంతట అదే గొంతు దిగిపోయింది. తాత తీరిగ్గా కలుపుకుని, తీరిగ్గా తిని, "ఇంకింత పప్పు వెయ్యి బిడ్డా," అని పళ్ళెం ముందుకు జరిపాడు. మేనత్త గరిటెతో మళ్ళీ వేసింది. మామ తల ఎత్తలేదు.

చేతులు కడుక్కున్నాక తాత అరుగు మీద కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అల్లుడా, నీతోని ఒక పని వడ్డది. మా కుంటల నీళ్లు నిలుస్తలేవు. మా మన్నుతోని అయ్యేటట్టు లేదు. మీ రేగడి జర ఇస్తవా? సంచి తెచ్చుకున్న."

మామ ఆ సంచి వైపు చూశాడు. "బామ్మర్ది పంపిండా?" అన్నాడు.

"వాడు పంపలే. వానికి తెల్వది కూడ. పసుపు పోయినేడే సగం ఎండింది, ఈ ఏడు కూడ పోతే మాకు కష్టం. నాకు కావాలె. నేనే అడుగుతున్న."

పెళ్ళిలో తన కాళ్ళు కడిగిన మామగారు, వయసులో తండ్రంతటివాడు, తన అరుగు మీద సంచి పట్టుకుని కూర్చుని మన్ను అడుగుతున్నాడు. దసరా నాడు 'నోరు తెరిచి అడుగు' అన్నది ఈయన్ని కాదు. అయినా అడిగింది ఈయనే. మామ దిగ్గున లేచి నిలబడ్డాడు.

"మీరు అడుగుడేంది మామా! సంచితోని కుంట నిలుస్తదా? బండ్లు గట్టాలె. ఏ మన్నంటే ఆ మన్ను పనికిరాదు, చెరువు దిక్కు చేన్లల బంక రేగడి ఉన్నది, గది కావాలె. నడువుండ్రి చూపిస్త."

ఆ క్షణం నుంచి మామ ఇంకో మనిషి. మమ్మల్ని ఎండలో పొలం పొలం తిప్పాడు. మన్ను తీసి, నీళ్ళు చిలకరించి, అరచేతుల మధ్య తాడులా పేని, తెగకుండా సాగుతోందా లేదా అని చూశాడు. ఇది వద్దు, అది కావాలి అన్నాడు. తన నేల గురించి చెబుతుంటే అతని ముఖం వెలిగిపోయింది. నాకు ఆ రోజు ఒక సంగతి తోచింది. ఈ మనిషి దసరా నుంచీ ఇవ్వడానికే తహతహలాడుతున్నాడు, ఎవరూ అడగక చిక్కిపోయాడు. తిరిగి ఇల్లు చేరుతూ, గొంతు తగ్గించి, "మామా, పప్పు ఎట్లున్నది, నిజం చెప్పుండ్రి," అన్నాడు. "నా బిడ్డ వండింది బాగ లేకుంట ఉంటదా?" అన్నాడు తాత. ఇద్దరూ ఒక్కసారిగా నవ్వారు. ఇంటి వెనక ఎక్కడో మేనత్త కూడా నవ్వడం నాకు వినపడింది.

తిరుగు రైలులో తాతను అడిగాను. మన దగ్గర మన్ను ఉంది కదా, ఒక సంచి తెచ్చి ఇచ్చేస్తే మామ సంతోషించేవాడు కదా, ఎందుకు తేలేదు అని. తాత కిటికీలోంచి చూస్తూ, నాకు అర్థమవుతుందో లేదో పట్టించుకోకుండా చెప్పాడు.

"ఇచ్చే చెయ్యి పైనుంటది, అడిగే చెయ్యి కిందుంటది బిడ్డా. పంతమొచ్చినప్పుడు ఇయ్యబోతే ఎవ్వరు తీసుకోరు. జర మన చెయ్యి కిందవెట్టాలె. కాని దొంగ అవసరం అడగొద్దు, దొరికిపోతం. నిజంగ మనకు లేనిదే అడగాలె."

ఇంటికి వచ్చి తాత ఎవరికీ ఏమీ చెప్పలేదు. నన్నూ చెప్పవద్దన్నాడు. కడుపు ఉబ్బిపోయింది గానీ చెప్పలేదు. కొన్నాళ్ళకు ఒక సాయంత్రం, పశువులు ఇల్లు చేరే వేళ, ఊళ్ళోకి రెండు బండ్లు వచ్చాయి. రెండూ నల్లటి మన్నుతో గుమ్మటాల్లా నిండి ఉన్నాయి. మా ఎర్ర బాట మీద అంత నల్లటి మన్ను ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు. పిల్లలు కేకలు వేస్తూ వెంటపడ్డారు. మొదటి బండి మామ తోలుతున్నాడు. రెండో బండి పాలేరు తోలుతున్నాడు, దాని మన్ను మీద దుప్పటి పరుచుకుని, ఎండకు గొడుగు పట్టుకుని, మా మేనత్త కూర్చుని ఉంది. మహారాణి అంబారీ ఎక్కినా అంత దర్జాగా కూర్చోదని నాకనిపించింది.

బండ్లు మా వాకిట్లో ఆగాయి. మామ దిగలేదు. మేనత్తా దిగలేదు. మా వైపు ఒక మర్యాద ఉంది. వచ్చిన చుట్టం ఎడ్ల కాడి ఇంటాయన తన చేత్తో దించాలి. దించితే రమ్మన్నట్టు. చెయ్యి వెయ్యకపోతే, బండి అట్నుంచి అటే తిరిగిపోవాలి. ఎన్నో గొడవలు మా ఊళ్ళో ఆ కాడి దగ్గరే తేలాయి, కొన్ని తేలకుండానే వెనక్కి పోయాయి.

నాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బండ్లు చూశాడు, నల్లమన్ను చూశాడు, జరిగింది అర్థమైంది. తాత వైపు తిరిగాడు. తాత అరుగు మీద కూర్చుని తనకేమీ పట్టనట్టు తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకుంటున్నాడు. అమ్మ తలుపు చాటున నిలబడింది. నేను ఆమె కొంగు పట్టుకుని దేవుళ్ళందరికీ మొక్కాను. ఎంతసేపటికీ నాయన కదలడు. ఆయన కళ్ళు మాత్రం రెండో బండి మీదున్నాయి.

"తమ్మీ," అంది మేనత్త పైనుంచి. "ఎడ్లు పొద్దటి సంది నడిచినయి. దూప మీదున్నయి."

అంతే. కొట్లాట గురించి కాదు, ఎడబాటు గురించి కాదు, ఎడ్ల దాహం గురించి. నాయన మెట్లు దిగి వెళ్ళి కాడి మీద చెయ్యి వేశాడు. పలుపు ముడి విప్పబోతే అది ఊడిరాలేదు. మామ కిందికి దూకి రెండో పక్క పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి కాడి ఎత్తి ఎడ్లను వదిలారు. ఒకరినొకరు చూసుకోలేదు. కానీ నాయన భుజం మామ భుజానికి ఆనుకుని ఉంది, ఇద్దరూ జరగలేదు. మేనత్త బండి దిగి, నల్లమన్ను అంటిన చేతులతోనే తమ్ముడి ముఖం పట్టుకుంది. మీసాల నాయన ఊరందరి ముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు మగవాళ్ళంతా కుంటలోకి దిగి రేగడి తొక్కారు. మామ కేకలు వేస్తూ మేస్త్రీలా అందర్నీ ఆడించాడు. బురద మోకాళ్ళ దాకా వచ్చేసరికి ఎవరు ఎర్రమన్ను వాళ్ళో, ఎవరు నల్లమన్ను వాళ్ళో పోల్చలేకపోయాం. పని అయ్యాక మామ కాళ్ళు కడుక్కుంటూ, నేల చూపులు చూస్తూ, "బామ్మర్దీ, బండ్లు ఉత్తగ పోవద్దు. పప్పు చేసుకోనీకె జర మన్ను కావాలె మాకు," అన్నాడు. నాయన వెంటనే జల్లెడ అందుకున్నాడు. మా వాగు పక్కన మెత్తటి ఎర్రమన్ను తవ్వి, ఒక్క గులకరాయి లేకుండా తనే జల్లించాడు, మమ్మల్ని ఎవర్నీ ముట్టనివ్వలేదు. ఆ వానాకాలం కుంటలో నీళ్ళు నిలిచాయి. పసుపు చేను పచ్చగా నిలబడింది. మా ఇంట్లోకి పప్పు తిరిగి వచ్చింది. ఉలవల్ని ఎడ్లకు పెట్టేశాం.

తర్వాత తాండూరులో మిల్లులు వచ్చాయి, ఇసుర్రాళ్ళు గోడవారకు చేరాయి, మన్ను సారె ఆగిపోయింది. అందుకు నేనేమీ బాధపడను. ఆడవాళ్ళ రెక్కలకు విశ్రాంతి దొరికింది. ఈ నేలలో నాకు నచ్చేది ఇసుర్రాయి కాదు, మనుషులు. ఒక దిక్కు నీళ్ళు నిలవని నేల, ఇంకో దిక్కు నెర్రెలిచ్చే నేల. ఈ రెండింటి మధ్య బతికినవాళ్ళకు, తమ దగ్గర లేనిది పక్కవాళ్ళ దగ్గర ఉంటుందని చిన్నప్పుడే తెలిసిపోతుంది. మధ్యలో పంతాలొచ్చి మరిచిపోతారు, ఎవరో ఒక పెద్దమనిషి గుర్తుచేస్తాడు.

నాకూ ఒకసారి గుర్తుచేసుకోవాల్సి వచ్చింది. మా చెల్లెలిని మోమిన్‌పేట్ దగ్గర ఇచ్చాం. ఒక పెళ్ళిలో ఎవరి మర్యాద ఎవరు తప్పారన్న చిన్న మాట మీద మా ఇద్దరికీ మాటలు పోయాయి. ఇద్దరం జుట్టు నెరిసిన వాళ్ళమే, అయినా పోయాయి. ఆమెకు మనవడు పుడితే నేను బట్టలు పంపాను, తిప్పి పంపింది. పండక్కి పిండివంటలు పంపాను, అవీ వెనక్కి వచ్చాయి. ఇక చేసేదేముందని ఊరుకున్నాను. ఈలోగా నా మోకాలికి ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పాడు. నాకు కోడలుంది, మనవరాలుంది, చూసుకునేవాళ్ళకు కొదవ లేదు. కానీ మత్తు ఇస్తారన్న భయం మాత్రం నన్ను రాత్రీ పగలూ వదల్లేదు. ఆ భయం ఎవరికి చెప్పుకోవాలో ఆలోచిస్తే నాకు చెల్లెలి ముఖం తప్ప ఇంకెవరూ తోచలేదు.

కోడలు ఆపిల్ పళ్ళు కట్టిస్తానంది. వద్దన్నాను. కర్ర పట్టుకుని బస్సెక్కి మోమిన్‌పేట్‌లో దిగి, ఆటోలో వాళ్ళ ఊరికి వెళ్ళాను. చెల్లెలు వాకిట్లో అల్లం ఆరబోస్తోంది. నన్ను చూసి లేచింది గానీ రమ్మనలేదు.  అడగడం ఇంత కష్టమా అనుకున్నాను. అల్లుడి అరుగు మీద సంచి పట్టుకుని కూర్చున్న రోజున మా తాత ఎంత కిందికి వంగాడో నాకు అప్పుడు, ఆ వాకిట్లో, తెలిసింది.

"నాకు కాలు కోస్తరట. మస్తు భయమైతుంది," అన్నాను. "జర వచ్చి నా పక్కన పండుకుంటవా చెల్లే?"

చెల్లెలు చేతులకంటిన మన్ను కొంగుకు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. నేను ఎండలో కర్ర మీద ఆనుకుని నిలబడ్డాను. లోపల పెట్టె మూత తెరిచిన చప్పుడయింది, తన కోడలితో ఏదో చెబుతున్న గొంతు వినిపించింది. కాసేపటికి మంచి చీర కట్టుకుని, బట్టల సంచి భుజానికి వేసుకుని బయటికి వచ్చి, నా చేతిలోంచి కర్ర తీసేసుకుని తన భుజం అందించింది.

"నడువక్కా," అంది. "బస్సు పోతది."